సెల్ఫ్ తిరుగుతోంది, కిక్కు కొట్టినా ఫలితం లేదు, ప్లగ్‌లో కరెంటు అసలు రావడం లేదు

వైరా_సవారీ
నా దగ్గర ఉన్నది కార్బురేటర్ ఉన్న 150 సీసీ బండి, ఒకే ప్లగ్, సెల్ఫ్, కిక్కు రెండూ ఉన్నాయి. గత వారం ఖమ్మం నుంచి వైరా వస్తుండగా దారంతా భారీ వాన కురిసింది. ఇంటికి చేరేదాకా బండి ఏ ఇబ్బందీ పెట్టలేదు. మర్నాడు ఉదయం సెల్ఫ్ నొక్కితే ఇంజిన్ చక్కగా తిరిగింది కాని స్టార్ట్ కాలేదు. ప్లగ్ విప్పి, క్యాప్‌లో పెట్టి, ఇంజిన్‌కు ఆనించి చూస్తే ఒక్క మెరుపు కూడా లేదు. కొత్త ప్లగ్‌తోనూ అదే పరిస్థితి. మా ఊరి మెకానిక్ మొదట సీడీఐ (ప్లగ్‌లో మెరుపును నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చారు, తరువాత హెచ్‌టీ కాయిల్ (ప్లగ్‌కు అధిక వోల్టేజీ అందించేది) మార్చారు, ఇప్పుడు మ్యాగ్నెట్ కాయిల్ ప్లేటు (ఇంజిన్‌తో పాటు తిరిగే అయస్కాంతం కింద కాయిల్స్ బిగించిన పలక) మొత్తం మార్చాలంటున్నారు. అది మార్చాలంటే ఇంజిన్ ఆయిల్ తీసి పక్క కవరు విప్పాలి, ఖర్చు కూడా ఎక్కువ. ఆ పని మొదలుపెట్టే ముందు తప్పు ఎక్కడుందో నిర్ధారించుకునే మార్గం ఏదైనా ఉందా? నా దగ్గర మామూలు డిజిటల్ మల్టీమీటర్ ఉంది.

రాణిగంజ్_రవి
మార్చిన సీడీఐ అసలైనదో కాదో ముందు చూసుకోండి. పెట్టెలోంచి తీసిన కొత్త సీడీఐ పనిచేయని సందర్భాలు నేను చూశాను. అదే మోడల్ బండి స్నేహితుల వద్ద ఉంటే వారి సీడీఐ పెట్టి చూడడం అన్నిటికన్నా తేలికైన పరీక్ష.

ఎర్త్‌వైర్
రవి గారు చెప్పిన మార్పిడి పరీక్ష పనికొచ్చేదే కాని, బండిలో ఉన్నది ఏసీ సీడీఐయో డీసీ సీడీఐయో తెలియకుండా ఆ పని చేయకూడదు. కప్లర్ (తీగలను కలిపే ప్లాస్టిక్ కనెక్టర్) ఒకేలా కనిపించినా లోపల పిన్నుల వరుస వేరుగా ఉండవచ్చు, అప్పుడు స్నేహితుడి సీడీఐ కూడా పోతుంది.

వైరా_సవారీ గారు, మీ ప్రశ్నకు జవాబు ఈ తేడా దగ్గరే మొదలవుతుంది. ఏసీ సీడీఐ ఉన్న బండిలో స్పార్క్‌కు కావలసిన శక్తి బ్యాటరీ నుంచి రాదు. మ్యాగ్నెట్ కింద ఉండే సోర్స్ కాయిల్ వంద వోల్టులకు పైబడిన ఏసీని పుట్టిస్తుంది, అది సీడీఐలోని కెపాసిటర్‌ను నింపుతుంది, స్పార్క్ ఎప్పుడు రావాలో చెప్పే పల్సర్ కాయిల్ సంకేతం ఇచ్చిన క్షణాన ఆ కెపాసిటర్ ఒక్కసారిగా హెచ్‌టీ కాయిల్‌లోకి ఖాళీ అవుతుంది. ఇలాంటి బండిలో బ్యాటరీ పూర్తిగా చచ్చిపోయినా కిక్కుతో స్పార్క్ వస్తుంది. డీసీ సీడీఐలో బ్యాటరీ నుంచి తాళం ద్వారా, చాలా బండ్లలో కిల్ స్విచ్ (హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే స్విచ్) ద్వారా కూడా, 12 వోల్టులు సీడీఐకి వెళ్తాయి. సీడీఐ లోపలి సర్క్యూట్ వాటిని వందల వోల్టులకు పెంచుకుంటుంది.

కిల్ స్విచ్ ఈ రెండింటిలో సరిగ్గా తలకిందులుగా పనిచేస్తుంది. ఏసీ సీడీఐలో ఇంజిన్ ఆపాలంటే స్విచ్ ఒక తీగను ఎర్త్ చేస్తుంది (బండి లోహపు చట్రానికి, అంటే ఛాసిస్‌కు కలుపుతుంది), కాబట్టి ఆ తీగ ఎక్కడైనా ఒరుసుకుపోయి ఛాసిస్‌ను తాకితే స్పార్క్ పోతుంది. డీసీ సీడీఐలో ఆపాలంటే స్విచ్ 12 వోల్టుల దారిని తెంచేస్తుంది, అంటే ఆ దారిలో ఎక్కడ సరిగా అతకకపోయినా స్పార్క్ పోతుంది. ఒకదానిలో అనవసరంగా కలిసిన చోటును వెతకాలి, మరొకదానిలో కలవని చోటును వెతకాలి. ఇది తెలుసుకోకుండా సీడీఐ, కాయిల్, ప్లేటు అంటూ వరుసగా మార్చుకుంటూ పోతే ఎప్పటికి దొరుకుతుందో చెప్పలేం.

తెలుసుకునే పద్ధతి ఇది. తాళం ఆఫ్ చేసి సీడీఐ కప్లర్‌ను ఊడదీయండి. మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల తీగను ఇంజిన్‌లో రంగు లేని లోహానికి ఆనించి, తాళం ఆన్ చేసి, కిల్ స్విచ్ రన్ స్థానంలో ఉంచి, బండి వైపు కప్లర్‌లోని ఒక్కొక్క పిన్నును ఎర్ర తీగతో తాకండి. ఏదో ఒక పిన్నులో 12 వోల్టులు కనిపిస్తే మీది డీసీ సీడీఐ. ఏ పిన్నులోనూ కనిపించకపోతే ఏసీ సీడీఐ అయినా కావచ్చు, డీసీ దారి పూర్తిగా తెగిపోయి అయినా ఉండవచ్చు. అప్పుడు వైరింగ్ బొమ్మ చూడాలి.

పాతబుల్లెట్
నా పాత బుల్లెట్‌లో సీడీఐ అనేదే లేదు. కాంటాక్ట్ పాయింట్లను శుభ్రం చేసి, సందును 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్ల మధ్య పెడితే, కండెన్సర్ బాగున్నంతవరకు, స్పార్క్ తిరిగి వస్తుంది. ఈ కొత్త బండ్లలో కంటికి కనిపించే భాగమే ఉండదు, అందుకే మెకానిక్‌లు ఊహించి మార్చవలసి వస్తోంది.

స్వాతి_సర్క్యూట్
పాతబుల్లెట్ గారితో నేను ఏకీభవించలేను. కంటికి కనిపించదు, నిజమే. కాని మీటర్‌కు కనిపిస్తుంది.

అసలు విషయానికి వచ్చే ముందు స్పార్క్ పరీక్ష గురించి చెప్పాలి, ఎందుకంటే మొదటి పోస్టులో ప్లగ్ విప్పి ఇంజిన్‌కు ఆనించానని ఉంది. ఇంజిన్ తలలోంచి ప్లగ్ తీసేస్తే, సెల్ఫ్ తిప్పినప్పుడు ఆ రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి బయటికి చిమ్ముతుంది. పక్కనే స్పార్క్ వస్తే అది అంటుకుంటుంది. ఇంజిన్‌లో ఉన్న ప్లగ్‌ను అలాగే ఉంచి, క్యాప్‌లో వేరే ప్లగ్ పెట్టి, దాని లోహపు ఒంటిని రంధ్రానికి దూరంగా ఇంజిన్‌కు గట్టిగా ఆనేటట్లు తీగతోనో క్లిప్పుతోనో కట్టండి. చేత్తో పట్టుకోకండి. క్యాప్‌ను గాలిలో వేలాడదీసి సెల్ఫ్ కొట్టవద్దు. పోవడానికి దారి లేని ఆ అధిక వోల్టేజీ కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను చీల్చుకుని పోతుంది, ఒక్కోసారి సీడీఐని కూడా చెడగొడుతుంది. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పరీక్ష దగ్గర ఉండకూడదు.

రాణిగంజ్_రవి
క్యాప్ తీసి తీగను ఇంజిన్‌కు కొద్దిగా ఎడంగా పట్టుకుని చూడడం షెడ్లలో అందరూ చేసేదే కదా. దానివల్ల క్యాప్‌లో తప్పుంటే కూడా తెలిసిపోతుంది.

స్వాతి_సర్క్యూట్
అందరూ చేస్తారు, షాకులు కూడా అందరికీ తగులుతాయి. పది వేల వోల్టులు దాటిన కరెంటుకు చేతి తొడుగు అడ్డం కాదు. క్యాప్ మీద అనుమానం ఉంటే దాన్ని తీగ నుంచి తిప్పి ఊడదీసి, రెండు చివరల మధ్య ఓమ్‌లు కొలవండి. రెసిస్టర్ ఉన్న క్యాప్ అయితే చాలావరకు 5 కిలో ఓమ్‌ల దగ్గర చూపించాలి. ఏమీ చూపించకపోతే క్యాప్ పోయినట్లే. తీగ కొన తుప్పు పట్టి ఉంటే అర సెంటీమీటరు కత్తిరించి మళ్ళీ బిగిస్తే చాలు.

వైరా_సవారీ
కొలిచాను. క్యాప్ 5.1 కిలో ఓమ్‌లు చూపిస్తోంది. సీడీఐ కప్లర్‌లో ఒక పిన్నులో తాళం ఆన్ చేయగానే 12.3 వోల్టులు వస్తున్నాయి, తాళం ఆఫ్ చేస్తే సున్నా. ఎర్త్ పిన్ను కూడా చూశాను, అక్కడి నుంచి బ్యాటరీ మైనస్‌కు మీటర్ బీప్ వస్తోంది. అంటే నాది డీసీ సీడీఐ, దానికి సరఫరా బాగానే అందుతోంది అనుకుంటున్నాను. ఇక మిగిలింది పల్సర్ కాయిల్ ఒక్కటేనా?

ఆటోనగర్_శ్రీను
పల్సర్ కాయిలే. నేను విజయవాడ ఆటోనగర్‌లో ఈ పనిలోనే ఉన్నాను. వాన తరువాత స్పార్క్ పోయిన బండ్లలో ఈ కాయిల్ చాలాసార్లు దొరుకుతుంది. ఒక బండి ఉదయం స్టార్ట్ అయ్యేది, ఇంజిన్ వేడెక్కాక ఆగిపోయేది, చల్లారాక మళ్ళీ స్టార్ట్ అయ్యేది. చల్లగా ఉన్నప్పుడు ఓమ్‌లు సరిగ్గానే ఉండేవి. కాయిల్‌ను హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి కొలిస్తే మీటర్ అనంతం చూపించింది. లోపల సన్నని తీగ విరిగి, చల్లగా ఉన్నప్పుడు తాకుతూ, వేడికి సాగినప్పుడు విడిపోతూ ఉంది.

ఎర్త్‌వైర్
శ్రీను గారి అనుభవం విలువైనది. వేడికి పోయే పల్సర్ కాయిల్‌ను పట్టుకోవడానికి అంతకన్నా మంచి పద్ధతి నాకూ తెలియదు. కాని ఆ లక్షణం ఈ బండిలో లేదు. ఇది చల్లగా ఉన్నప్పుడు కూడా స్టార్ట్ కావడం లేదు. అయినా అనుమానం తీర్చుకోవడానికి కవరు విప్పనక్కర్లేదు. పల్సర్ కాయిల్ తీగలు సీడీఐ కప్లర్ దాకా వస్తాయి కాబట్టి, అక్కడే కొలవవచ్చు. తాళం ఆఫ్‌లో ఓమ్‌లు చూడండి. చాలా బండ్లలో 100 నుంచి 250 ఓమ్‌ల మధ్య ఉంటుంది, కచ్చితమైన అంకెకు మీ మోడల్ సర్వీస్ పుస్తకం చూడాలి. తరువాత మీటర్‌ను ఏసీ వోల్టుల చిన్న శ్రేణిలో పెట్టి, ఆ రెండు పిన్నుల మధ్య ఉంచి, సెల్ఫ్ తిప్పండి. కొద్దిపాటి వోల్టేజీ కదలాలి. కదిలితే కాయిల్, మ్యాగ్నెట్ మీది మెట్టు, వాటి మధ్య సందు మూడూ పనిచేస్తున్నట్లే.

వైరా_సవారీ
192 ఓమ్‌లు వచ్చింది. సెల్ఫ్ తిప్పితే సున్నా నుంచి 0.4, 0.5 వోల్టుల దాకా ఊగుతోంది. ఆపితే మళ్ళీ సున్నాకు వస్తోంది.

ఆటోనగర్_శ్రీను
అయితే పల్సర్ కాయిల్ బాగుంది. కవరు విప్పకండి, ప్లేటు కొనకండి. డీసీ సీడీఐ ఉన్న బండికి స్పార్క్ కోసం సోర్స్ కాయిల్‌తో పని లేదు. ప్లేటు మీద మిగిలినవి బ్యాటరీ ఛార్జింగ్‌కు, లైట్లకు పనికొచ్చేవే.

గోదారి_గేర్
నాకు ఇక్కడ ఒక అనుమానం వస్తోంది. సెల్ఫ్ తిరుగుతోంది అంటే తాళం, కిల్ స్విచ్, ఫ్యూజు అన్నీ బాగున్నట్లే కదా? తాళం దగ్గర తప్పుంటే సెల్ఫ్ కూడా ఆగిపోవాలి.

ఎర్త్‌వైర్
గోదారి_గేర్ గారు అడిగినదే ఈ చర్చలో కీలకమైన ప్రశ్న. కొన్ని బండ్లలో సెల్ఫ్ బటన్‌కు వెళ్ళే తీగ కిల్ స్విచ్ తరువాత మొదలవుతుంది, అలాంటివాటిలో మీరన్నది నిజం. కొన్నింటిలో అది తాళం దగ్గర నుంచే విడిగా వెళ్తుంది, వాటిలో సెల్ఫ్ తిరగడం కిల్ స్విచ్ గురించి ఏమీ చెప్పదు. వైరా_సవారీ గారు, కిల్ స్విచ్‌ను ఆఫ్ చేసి సెల్ఫ్ నొక్కండి. తిరుగుతోందా?

రెండో పని. ఇండికేటర్ నుంచి 12 వోల్టుల 10 వాట్ల బల్బు ఒకటి తీసి, దానికి రెండు తీగలు కట్టి, ఒకటి సీడీఐ కప్లర్‌లో 12.3 వోల్టులు చూపించిన పిన్నుకు, మరొకటి బ్యాటరీ మైనస్‌కు ఆనించి, తాళం ఆన్ చేసి బల్బు ఎలా వెలుగుతుందో చూడండి.

రాణిగంజ్_రవి
మీటర్ 12.3 వోల్టులు చూపించిన చోట బల్బు పెట్టి కొత్తగా తెలుసుకునేది ఏముంది? మీటర్ కన్నా బల్బు కచ్చితమైనదా?

స్వాతి_సర్క్యూట్
కచ్చితమైనది కాదు, కాని బల్బు కరెంటు లాగుతుంది, మీటర్ లాగదు. డిజిటల్ మీటర్ లోపలి నిరోధం సాధారణంగా 10 మెగా ఓమ్‌లు ఉంటుంది కాబట్టి, దారిలో పచ్చటి తుప్పు పట్టిన పిన్ను ఉన్నా, కాలిపోయి ఒక మూల మాత్రమే తాకుతున్న స్విచ్ ఉన్నా, దానికి పూర్తి 12 వోల్టులే కనిపిస్తాయి. పూడిక చేరిన గొట్టంలో కుళాయి కట్టేసి ఉన్నంతసేపు ఒత్తిడి నిండుగానే ఉంటుంది, తిప్పిన తరువాతే నీళ్ళు సన్నగా కారుతాయి. 10 వాట్ల బల్బు సుమారు 0.8 ఆంపియర్లు లాగుతుంది. డీసీ సీడీఐ పనిచేసేటప్పుడు దానికి ఎదురయ్యే పరిస్థితికి ఇది దగ్గరగా ఉంటుంది.

బీప్ గురించి కూడా ఇదే సందర్భంలో చెప్పాలి. చాలా మీటర్లు కొన్ని పదుల ఓమ్‌ల నిరోధం ఉన్నా బీప్ మోగిస్తాయి. 12 వోల్టుల సర్క్యూట్‌లో అర ఆంపియరు ప్రవహించే దారిలో 15 ఓమ్‌లు అడ్డం ఉంటే 7.5 వోల్టులు అక్కడే పోతాయి. మిగిలినదానితో సీడీఐ పనిచేయదు. అయినా మీటర్ మాత్రం హాయిగా మోగుతుంది.

బెజవాడ_భాను
స్వాతి గారు ఇంత స్పష్టంగా రాయడం వల్ల నా స్కూటర్ హారన్ ఎందుకు మూలుగుతోందో కూడా ఇప్పుడే అర్థమైంది. దాని తీగలో 12 వోల్టులు ఉన్నాయని అందరూ మీటర్ చూపించి చెబుతూనే ఉన్నారు.

వైరా_సవారీ
కిల్ స్విచ్ ఆఫ్‌లో ఉన్నా సెల్ఫ్ తిరుగుతోంది. బల్బు పెట్టి చూస్తే లోపలి తీగ ఎర్రగా కనిపించింది తప్ప వెలుగు రాలేదు. అదే బల్బును నేరుగా బ్యాటరీకి పెడితే నిండుగా వెలిగింది.

ఎర్త్‌వైర్
ఇక సీడీఐని, కాయిల్‌ను, పల్సర్‌ను పక్కన పెట్టండి. తప్పు బ్యాటరీకి, సీడీఐ పిన్నుకు మధ్య ఉన్న దారిలోనే ఉంది. సెల్ఫ్ తిరుగుతోంది కాబట్టి ఫ్యూజు, తాళం చాలావరకు నిర్దోషులు. కిల్ స్విచ్, దాని కప్లర్, అక్కడి నుంచి సీడీఐ దాకా ఉన్న తీగ మిగిలాయి.

బల్బును అలాగే ఉంచి, తాళం ఆన్‌లో ఉండగా, మీటర్ ఎర్ర తీగను బ్యాటరీ ప్లస్ మీద పెట్టండి. నల్ల తీగను ముందు సీడీఐ పిన్ను మీద పెడితే దారి మొత్తంలో పోతున్న వోల్టులు కనిపిస్తాయి. అవి అర వోల్టు లోపు ఉండాలి. తరువాత నల్ల తీగను ఒక్కొక్క మజిలీ వెనక్కి జరుపుతూ రండి: కిల్ స్విచ్ నుంచి బయటికి వచ్చే తీగ, కిల్ స్విచ్‌లోకి వెళ్ళే తీగ, తాళం కప్లర్. ఏ రెండు చోట్ల మధ్య అంకె ఒక్కసారిగా పడిపోతుందో తప్పు అక్కడే ఉంది. తీగలకు సూదులు గుచ్చకండి, వచ్చే వానకు ఆ రంధ్రాల్లోంచే తడి దిగుతుంది. కప్లర్ వెనుక వైపు నుంచి సన్నని పిన్ను దూర్చి కొలవండి.

ఆటోనగర్_శ్రీను
ఆ కప్లర్లు సాధారణంగా హెడ్‌లైట్ డూమ్ వెనుక ఉంటాయి. హ్యాండిల్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పుతూ కూడా మీటర్ గమనించండి. అంకె మారితే హ్యాండిల్ తిరిగే మెడ దగ్గర తీగ లోపల తెగి ఉన్నట్లు. ఎలుకలు కొరికిన తీగలు కూడా నేను ట్యాంకు కింద, సీటు కింద ఎన్నో చూశాను. బండి ఎక్కువ రోజులు కదలకుండా ఉంటే ట్యాంకు లేపి చూడడం మంచిది.

వైరా_సవారీ
కొలతలు ఇవి. బ్యాటరీ ప్లస్ నుంచి సీడీఐ పిన్నుకు 8.1 వోల్టులు. కిల్ స్విచ్ నుంచి బయటికి వచ్చే తీగ దగ్గర 8.0. కిల్ స్విచ్‌లోకి వెళ్ళే తీగ దగ్గర 0.2. హ్యాండిల్ తిప్పితే ఏ మార్పూ లేదు. కిల్ స్విచ్‌ను అటూ ఇటూ పదే పదే కదిలిస్తే అంకె ఆరుకు, తొమ్మిదికి మారుతోంది.

స్వాతి_సర్క్యూట్
దొరికింది. బ్యాటరీ వోల్టేజీలో మూడింట రెండు వంతులు కిల్ స్విచ్ లోపలి రాగి పలకల మధ్యే ఖర్చవుతోంది. విప్పే ముందు రుజువు చేసుకోండి. కిల్ స్విచ్ కప్లర్‌ను ఊడదీసి, బండి వైపు ఉన్న ఆ రెండు పిన్నులనూ 5 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న తీగతో కలిపి, బల్బు తీసేసి, సీడీఐ కప్లర్ పెట్టి, స్పార్క్ చూడండి.

ఇది చదివే ఇతరులకు ఒక గట్టి మనవి. ఏసీ సీడీఐ ఉన్నవారు ఈ పని చేయకండి. అక్కడ కిల్ స్విచ్ తీగలను కలిపితే ఇంజిన్ ఆగిపోయే స్థితికి వస్తుంది. అక్కడ చేయవలసింది సీడీఐ నుంచి వచ్చే కిల్ తీగను ఊడదీసి వదిలేయడమే. అప్పుడు స్పార్క్ వస్తే తప్పు తాళంలోనో కిల్ స్విచ్‌లోనో వాటి తీగలోనో ఉన్నట్లు.

వైరా_సవారీ
స్పార్క్ వచ్చింది. నీలంగా, చప్పుడు వినిపించేంత గట్టిగా వచ్చింది. ఎర్త్‌వైర్ గారికి, స్వాతి గారికి, శ్రీను గారికి ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. ప్లేటు ఖర్చు తప్పింది. కాని ప్లగ్ మళ్ళీ బిగించి సెల్ఫ్ కొడితే దగ్గు మాత్రమే వస్తోంది, పొగతో పాటు పెట్రోలు వాసన బాగా ఉంది.

ఆటోనగర్_శ్రీను
ఇన్నాళ్ళూ స్పార్క్ లేకుండా తిప్పినందువల్ల సిలిండర్‌లోకి పెట్రోలు దిగి ప్లగ్ తడిసింది. పెట్రోలు కాక్ మూసి, చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తెరిచి కొద్దిసేపు కిక్కు కొట్టండి. ప్లగ్‌ను ఆరబెట్టి బిగించండి. సెల్ఫ్‌ను ఒక్కో విడత ఐదు సెకన్లకు మించి నొక్కవద్దు, మధ్యలో విరామం ఇవ్వండి. ఆయిల్ గేజిని కూడా ఒకసారి తీసి వాసన చూడండి. అందులో పెట్రోలు వాసన వస్తుంటే ఆయిల్ మార్చాకే బండి తోలండి.

వైరా_సవారీ
ఆరబెట్టాక స్టార్ట్ అయింది. ఆయిల్‌లో వాసన లేదు. ఇప్పుడు స్విచ్ విప్పాలి.

గోదారి_గేర్
విప్పడం ఎందుకు? ఆ రెండు తీగలనూ శాశ్వతంగా కలిపేసి టేపు చుట్టేయండి. మా ఊళ్ళో సగం బండ్లలో కిల్ స్విచ్ ఇలాగే ఉంది, తాళంతో ఆపుకుంటారు.

పాతబుల్లెట్
ఈ సలహాను దయచేసి ఎవరూ పాటించవద్దు. బండి పడిపోయి కాలు దాని కింద ఇరుక్కున్నప్పుడు, యాక్సిలరేటర్ తీగ ఇరుక్కుని ఇంజిన్ అరుస్తున్నప్పుడు, తాళం కోసం చేయి వెతుక్కోనక్కర్లేకుండా బొటనవేలికి అందేది ఆ స్విచ్ ఒక్కటే. మా అన్నయ్య కుమారుడి బండి ఘాట్‌లో జారిపడ్డప్పుడు వెనుక చక్రం తిరుగుతూనే ఉంది. వెనుక వస్తున్నవారు ఆ స్విచ్ నొక్కి ఆపారు.

గోదారి_గేర్
మీరు చెప్పిన సందర్భం నేను ఆలోచించలేదు. సరే, స్విచ్ బాగు చేయడమే మంచిది.

ఎర్త్‌వైర్
స్విచ్ పెట్టె రెండు స్క్రూలతో విడిపోతుంది, చాలా బండ్లలో యాక్సిలరేటర్ తీగ కూడా అందులోంచే పోతుంది కాబట్టి నెమ్మదిగా తెరవండి. బ్యాటరీ మైనస్ ఊడదీసి మొదలుపెట్టండి. లోపల ఒక చిన్న స్ప్రింగు, ఒక ఉక్కు గుండు ఉండవచ్చు, అవి ఎగిరిపోతే దొరకవు. కింద తెల్ల గుడ్డ పరచుకుని విప్పడం మేలు. పలకల మీద నల్లగా, పచ్చగా ఉన్నదాన్ని కాంటాక్ట్ క్లీనర్‌తో కడగండి.

రాణిగంజ్_రవి
సన్నటి గరుకు కాగితంతో రుద్దితే ఒక్క నిమిషంలో మెరుస్తుంది.

స్వాతి_సర్క్యూట్
మెరుస్తుంది, కాని రాగి మీద ఉన్న సన్నని పూత కూడా పోతుంది, ఆ తరువాత తుప్పు ఇంకా త్వరగా పడుతుంది. పెన్సిల్ రాతను చెరిపే రబ్బరు చాలు. శుభ్రం చేశాక డైఎలక్ట్రిక్ గ్రీజు పలుచగా రాయండి. చక్రాల బేరింగుకు వాడే గ్రీజు వద్దు. పెట్టె అంచులో రబ్బరు సీలు చినిగి ఉంటే దాన్ని మార్చకుండా మూయడం వల్ల ప్రయోజనం లేదు, వాన నీరు దిగింది అక్కడినుంచే అయి ఉండవచ్చు.

వైరా_సవారీ
సీలు ఒక పక్క నలిగి పక్కకు తొలగి ఉంది. లోపల పలకల మీద పచ్చటి పొర గట్టిగా పేరుకుంది. శుభ్రం చేసి బిగించాక బల్బుతో కొలిస్తే స్విచ్ మీద 0.1 వోల్టు మాత్రమే పోతోంది. పాత సీడీఐ, పాత కాయిల్ కూడా తిరిగి బిగించి చూశాను, వాటితోనూ బండి చక్కగా నడుస్తోంది.

రాణిగంజ్_రవి
పాత సీడీఐనే బండిలో ఉంచండి. కొత్తదాన్ని కవరులో పెట్టి దాచుకోండి. ఇన్నేళ్ళు ఎండకూ వేడికీ తట్టుకున్న భాగం మీద నాకు నమ్మకం ఎక్కువ.

అనకాపల్లి_అప్పారావు
ఇదంతా చదివాక నా ప్రశ్న అడుగుతున్నాను. నాది బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండి, ఫ్యూయల్ ఇంజెక్షన్. పక్కకు పడిపోయిన తరువాత సెల్ఫ్ తిరుగుతోంది, స్పార్క్ లేదు. ఈ కొలతలే చేయాలా?

స్వాతి_సర్క్యూట్
మీ బండిలో సీడీఐ స్థానంలో ఈసీయూ (ఇంజిన్‌ను నియంత్రించే చిన్న కంప్యూటర్) ఉంటుంది, దారి కొంత వేరు. ముందు తాళం ఆన్ చేసి చెవి పెట్టి వినండి. ట్యాంకులోని పంపు రెండు మూడు సెకన్లు సన్నగా మోగి ఆగాలి. మోగకపోతే స్పార్క్, పెట్రోలు రెండూ కలిసే ఆగిపోయాయని అర్థం. ఒరుగుదలను పసిగట్టే సెన్సర్ బండి పడగానే ఇంజిన్‌ను ఆపేస్తుంది, చాలా బండ్లలో నిలబెట్టి తాళం ఒకసారి ఆఫ్ చేసి ఆన్ చేస్తేనే మళ్ళీ అనుమతిస్తుంది. సైడ్ స్టాండు స్విచ్ పడినప్పుడు వంగిందేమో కూడా చూడండి. పంపు మోగుతూ స్పార్క్ మాత్రమే లేకపోతే క్రాంక్ సెన్సర్ (ఇంజిన్ తిరగడాన్ని పసిగట్టేది) కప్లర్ దగ్గర మొదలుపెట్టండి.

అనకాపల్లి_అప్పారావు
పంపు మోగలేదు. తాళం ఆఫ్ చేసి ఆన్ చేస్తే మోగింది, బండి స్టార్ట్ అయింది. పడినప్పటి నుంచి తాళం ఆన్‌లోనే ఉంచి సెల్ఫ్ కొడుతున్నారు మా వాళ్ళు.

బెజవాడ_భాను
మా నాన్నగారి 100 సీసీ బండిలో ఏసీ సీడీఐ ఉంది, అదీ వానకు స్పార్క్ పోగొట్టుకుంది. స్వాతి గారు చెప్పినట్లు కిల్ తీగ ఊడదీస్తే వెంటనే స్పార్క్ వచ్చింది. ఈ బండికి హ్యాండిల్ మీద కిల్ స్విచ్ లేదు కాబట్టి అనుమానం తాళం మీదికే వెళ్తోంది. తాళం మార్చాలా?

ఎర్త్‌వైర్
ఇంకా మార్చకండి. తాళం కప్లర్ ఊడదీసి, సీడీఐ వైపు కిల్ తీగకు, ఛాసిస్‌కు మధ్య ఓమ్‌లు కొలవండి. కప్లర్ ఊడదీసినా ఎర్త్ చూపిస్తుంటే తప్పు తాళంలో లేదు, తీగ ఎక్కడో ఒరుసుకుంది. మెడ దగ్గర, హెడ్‌లైట్ డూమ్‌లోకి తీగలు దూరే రంధ్రం అంచు దగ్గర ముందు చూడండి.

బెజవాడ_భాను
కప్లర్ ఊడదీసినా ఎర్త్ చూపించింది. డూమ్ రంధ్రం అంచున రబ్బరు ఊడిపోయి, తీగ పై పొర తెగి, రాగి బయటపడి ఇనుమును తాకుతోంది. తీగకు స్లీవు తొడిగి కొత్త రబ్బరు వేయించాను. స్పార్క్ వస్తోంది, తాళం ఆఫ్ చేస్తే ఇంజిన్ ఆగుతోంది.